కప్పగంతులు వేస్తే పొట్ట కరిగిందా?

"అమ్మాయ్, పొద్దున్నే కారం దంచుతున్నారేటి?"

కింది ఫ్లాటు పిన్నిగారు మా తలుపు కొట్టి అడిగిన మాట ఇది. టైము అయిదుముప్పావు. నేను చెమటకి తడిసి ముద్దయిపోయి, గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డాను. నా వెనక టీపాయి మీద ఫోన్లో ఒక కండల కుర్రాడు "ఇంకో పది! కొవ్వు కరుగుతోంది, వదలొద్దు!" అని అరుస్తున్నాడు. ఆవిడ నన్నూ ఫోన్నూ మార్చి మార్చి చూసి, "మా ఇంట్లో ఫ్యాను ఊగిపోతోందమ్మా" అనేసి మెట్లు దిగిపోయింది.

దంచుతున్నది కారం కాదు, నన్నే. ఆ రోజుకి తొమ్మిదో రోజు.

మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, రెండో అంతస్తు. నాకు 39 ఏళ్ళు. పోర్టు సరుకుల లెక్కలు చూసే ఒక ఆఫీసులో అకౌంట్స్ పని. పొద్దున్న తొమ్మిదిన్నరకి కుర్చీలో కూలబడితే సాయంత్రం ఆరింటికి లేస్తాను. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ మామూలు కాన్పులే. ఎత్తు 157 సెంటీమీటర్లు, ఆ జనవరిలో బరువు 74 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అనే లెక్క, కడితే 30 వచ్చింది. మన దేశం వాళ్ళకి 23 దాటితేనే బరువెక్కువ, 25 దాటితే ఊబకాయం అని డాక్టర్లు గీత గీసేశారు. నడుము 38 అంగుళాలు. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదట. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాను, అది శుభ్రంగా ఉంది. తప్పు దాని మీదకి నెట్టే దారీ మూసుకుపోయింది.

సంక్రాంతికి శ్రీకాకుళంలో మా పుట్టింటికి వెళ్ళాం. అరిసెలు, పాకుండలు, జంతికలు, వాటి సంగతి చెప్పను. కనుమ నాడు పట్టుచీర జాకెట్టు వేసుకోబోతే కింద రెండు హుక్కులు పట్టలేదు. "కుట్లు విప్పుకోవే" అంది అమ్మ. విప్పడానికి కుట్లు ఎక్కడున్నాయి, పోయినేడాదే విప్పేశాం.

తిరిగొచ్చాక ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఫోను నా ముందు పెట్టింది. "అక్కా, ఇది చూడండి. గెంతితే చాలు, కొవ్వు ఇట్టే పోతుందట. ప్లయోమెట్రిక్స్ అంటారు." ముప్పై రోజుల కోర్సు, 1,499 రూపాయలు. రోజుకి ఇరవై నిమిషాలు. ఏం తిన్నా ఫర్వాలేదు. ఆ ఆఖరి మాట దగ్గరే నేను పడిపోయాను.

మొదటి రోజు వాళ్ళు చెప్పిన పని ఒకటి మాత్రం నిజంగా పనికొచ్చింది. గోడ పక్కన నిలబడి చెయ్యి పైకెత్తి ఒక గీత, వేళ్ళకి సుద్దపొడి రాసుకుని ఎంత ఎత్తు ఎగరగలిగితే అంత ఎత్తున ఇంకో గీత. రెండింటి మధ్య దూరమే నీ ఎగురు. మా గుమ్మం బయట మెట్ల గోడ మీద మా చిన్నది టేపు పెట్టి కొలిచింది. 18 సెంటీమీటర్లు. గీత పక్కన బుద్ధిగా తారీఖు కూడా వేసింది.

తర్వాత మొదలైంది అసలు తతంగం. స్క్వాట్ జంపు అంటే కుర్చీలో కూర్చోబోయినట్టు వంగి ఒక్కసారి పైకి ఎగరడం. టక్ జంపు అంటే గాల్లో మోకాళ్ళు గుండెలకి తాకించడం. బర్పీ అంటే నేల మీద బోర్లా పడుకుని, లేచి, గెంతి, మళ్ళీ పడుకోవడం. హోంవర్కు చెయ్యకపోతే మా లెక్కల మాస్టారు గ్రౌండు చుట్టూ వేయించిన కప్పగంతులు ఇవే. అప్పుడు శిక్ష, ఇప్పుడు 1,499. ఇరవై సెకన్లు గెంతడం, పది సెకన్లు ఆగడం, మళ్ళీ ఇరవై. దీనికి తబాటా అని పేరు పెట్టి, సైన్సు అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడా కుర్రాడు. తర్వాత చదివి తెలుసుకున్నదేంటంటే, తబాటా అనే జపాన్ పరిశోధకుడి 1996 నాటి పరీక్షలో ఒక్కరూ గెంతలేదు. అది కదలకుండా నిలిపిన సైకిలు మీద తొక్కించిన పరీక్ష. తొక్కినవాళ్ళు అప్పటికే ఆటలాడే కుర్రాళ్ళు. కొలిచింది వాళ్ళ దమ్ము, పొట్ట కాదు.

నేను గెంతింది హాల్లో, టైల్స్ మీద, వట్టికాళ్ళతో. ఇంట్లో బూట్లేసుకుని గెంతడానికి మనసొప్పలేదు. ఒకరోజు చిన్నది సోఫాలో కూర్చుని లెక్కపెట్టింది. "అమ్మా, నువ్వు 340 సార్లు పడ్డావు." ఎగిరావు అనలేదు, పడ్డావు అంది. పిల్లలకి కళ్ళు బాగా కనిపిస్తాయి.

మొదటి వారం కిలో నాలుగు వందలు తగ్గాను. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. రెండో వారం ఆఖరికి అందులో కిలో వెనక్కి వచ్చేసింది. పోయిందంతా నీరేనన్న సంగతి అప్పటికి తెలీదు. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం తన బరువుకి మూడింతల దాకా నీటిని పట్టుకుని ఉంటుందట. గెంతులకి అది ఖర్చయినప్పుడు నీరూ పోతుంది, రెండు పూటలు సుష్టుగా అన్నం తింటే రెండూ తిరిగొస్తాయి.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. ఆడవాళ్ళూ చదువుతారు కాబట్టి రాస్తున్నాను. పదకొండో రోజు టక్ జంపు చేస్తుంటే బట్టలు తడిశాయి. చెమట అనుకున్నాను, కాదు. మర్నాడు గెంతే ముందు రెండుసార్లు బాత్రూముకి వెళ్ళొచ్చాను. అయినా అంతే. చిన్నది పుట్టినప్పట్నుంచీ గట్టిగా తుమ్మితే రెండు చుక్కలు పడడం మామూలే, దాన్నెప్పుడూ లెక్కచెయ్యలేదు. ఇది తుమ్ము కాదు కదా, 340 తుమ్ములు. ప్యాడ్ పెట్టుకుని గెంతడం మొదలుపెట్టాను. ఆ పని చేస్తూ కూడా మానేద్దామని తోచలేదంటే చూడండి, డబ్బు కట్టామంటే మనకి ఎంత పట్టుదలో.

మాన్పించింది కాలే. మోకాలి కింద, ముందువైపు ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి. మొదట మెట్లు దిగుతుంటే, తర్వాత నడుస్తుంటే, ఇరవై నాలుగో రోజుకి మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే. పైగా ఆ నెలంతా ఆఫీసులో మెట్లెక్కడం మానేసి లిఫ్టు ఎక్కాను, కూరగాయలకి మా ఆయన్ని రైతు బజారుకి తోలాను. ఇరవై నిమిషాలు గెంతి, మిగతా రోజంతా కాళ్ళు చాపుకుని కూర్చున్నానన్నమాట.

ఫిబ్రవరి ఆఖర్న కాటా మీద 73.4. నడుము అరంగుళం తక్కువ, అది కూడా టేపు బిగించి లాగితే. ఇక గోడ మీద గీత? 17 సెంటీమీటర్లు. ఇరవై నాలుగు రోజులు గెంతితే గెంతడం ఒక సెంటీమీటరు మర్చిపోయాను.

ఫిజియోథెరపిస్టు నాకంటే చిన్నమ్మాయి. బొటనవేలితో ఎముక వెంబడి నొక్కుకుంటూ వచ్చి, ఒకచోట నేను కెవ్వుమంటే ఆగింది. "షిన్ స్ప్లింట్స్. ఇంకా గెంతితే ఎముక సన్నగా చిట్లేదండి" అంది. గెంతినప్పుడు ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని అడిగింది. నేను నేల చూపులు చూశాను. ఆవిడకి అర్థమైపోయింది.

"దగ్గినా అవుతోందా?"

"చిన్నదాని కాన్పు దగ్గర్నుంచీ."

"ఎన్నేళ్ళు?"

"ఎనిమిది."

"ఎనిమిదేళ్ళలో ఎవరికీ చెప్పలేదా మీరు?"

ఎవరికి చెప్తాం! మా అమ్మకి చెప్తే "పిల్లల్ని కన్నాక అంతేనే" అనేది. ఫిజియో అమ్మాయి చెప్పిందేంటంటే, పొత్తికడుపులోని సామానంతటినీ కింద జోలెలా మోసే కండరాలుంటాయి, కాన్పుల్లో అవి సాగిపోతాయి. ఎగిరి నేల మీద పడ్డ ప్రతిసారీ ఒంటి బరువుకి కొన్ని రెట్ల దెబ్బ కాళ్ళ మీదే కాదు, ఆ జోలె మీదా పడుతుంది. మూత్రం ఆపుకుంటున్నట్టు ఆ కండరాన్ని బిగించి, కాసేపు పట్టి ఉంచి, వదలాలి. విడతకి ఎనిమిదిసార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు. ఆఫీసులో కుర్చీలో కూర్చుని జీఎస్టీ రిటర్నులు చూస్తూ చేశాను, ఎవరికీ తెలీలేదు. మూడో నెలకి తుమ్ములంటే భయం పోయింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన అన్నిటికంటే పెద్ద లాభం ఇదే, దీనికి నయాపైసా ఖర్చు లేదు.

"గెంతులు మూడు నెలలు బంద్" అని ఆవిడ కాగితం మీద రాస్తుంటే అడిగాను, "మరి నా కొవ్వు సంగతి?"

"దానికీ గెంతులకీ ఏటండీ సంబంధం?" అంది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారం ఆఫీసు క్యాలిక్యులేటరు ముందేసుకుని కూర్చున్నాను. లెక్కలు నా ఉద్యోగం, ఇంత సులువైన లెక్క కట్టకుండా 1,499 కట్టినందుకు సిగ్గుపడాలి. ఊరికే కూర్చుంటే ఒంటికయ్యే ఖర్చుని ఒకటి అనుకుంటే, రొప్పొచ్చేలా గెంతడానికి ఎనిమిది అవుతుంది, చురుగ్గా నడవడానికి నాలుగు పైచిలుకు. దాన్ని ఒంటి బరువుతోనూ గంటలతోనూ హెచ్చవేస్తే కేలరీలొస్తాయి. ఇరవై నిమిషాల గెంతులకి 74 కిలోల నేను ఖర్చుపెట్టేది సుమారు 197. కూర్చున్నా ఎలాగూ అయ్యే 25 తీసేస్తే 172. కిలో కొవ్వులో ఉండేది ఇంచుమించు 7,700. నెలలో ఒక్క రోజు నాగా పెట్టకుండా, ఒక్క ముద్ద ఎక్కువ తినకుండా గెంతితే పోయేది కిలోలో మూడింట రెండు వంతులు.

ఆ తినకుండా అన్నదే కదా గొడవంతా. గెంతిన రోజు ఆకలి దంచేస్తుంది. పైగా "గెంతాను కదా" అనే ఒక ధీమా. ఆదివారం ఇంకో పూరీ, బీచికెళ్తే మూరి మిక్చరు మీద ఇంకో మిరపకాయ బజ్జీ. నూనెలో వేగిన పూరీ ఒక్కటి వంద కేలరీలకి తక్కువుండదు. రెండు పూరీలతో ఆ రోజు గెంతులు గంగలో కలిసినట్టే. గెంతాక ఇరవై నాలుగు గంటలూ కొవ్వు మండుతూనే ఉంటుందని ఆ కుర్రాడు ఊదరగొట్టాడు. పూర్తిగా అబద్ధం కాదు. వ్యాయామం ఆపాక కూడా ఒళ్ళు కాసేపు ఎక్కువ ప్రాణవాయువు తీసుకుంటుంది. కానీ ఆ అదనపు ఖర్చు వ్యాయామంలో అయినదాంట్లో నూటికి ఆరు నుంచి పదిహేను పాళ్ళు. నా 172 మీద అది పది నుంచి పాతిక. ఒక మారీ బిస్కెట్టు.

మరి ముప్పావు గంట నడిస్తే? కూర్చున్న ఖర్చు తీసేశాక 183. అంటే చెమటలు కక్కి, ఎముక మీదకి తెచ్చుకుని, పిన్నిగారి ఫ్యాను ఊపి నేను సాధించింది, కబుర్లు చెప్పుకుంటూ నడిచినా వచ్చేదే. టైము ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ నడక రోజూ నడవొచ్చు.

మార్చి నుంచి అదే పని. తెల్లవారుజామున బీచి రోడ్డు మీదకి బండ్లు రానివ్వరు కదా, స్కూటీ పక్కవీధిలో పెట్టి కాళీమాత గుడి దగ్గర మొదలెట్టి, కురుసుర సబ్‌మెరైన్ దాటి చాలా దూరం పోయి వెనక్కి. మే వచ్చేసరికి అయిదుంపావుకే సముద్రం మీద వెలుగు, ఆ ఉక్కలో కూడా చిన్న గాలి. ఇంట్లో పొద్దున్న ఇడ్లీల బదులు చోడి (రాగి) అంబలి, మజ్జిగ పోసుకుని. మధ్యాహ్నం అన్నం గిన్నె మార్చాను, అంతే. పాత గిన్నెలో సగం పట్టేది తీశాను. సగం తగ్గిన చోట చేప. పెదజాలారిపేట నుంచి చేపలు తెచ్చే మామ్మ ఇచ్చే కానాగడతలు పులుసు పెడితే పూటంతా ఆకలి ఊసుండదు. (ఈ చేపకి శాస్త్రవేత్తలు పెట్టిన లాటిన్ పేరులో కూడా 'కనగుర్త' అనే ఉంటుంది. మన తీరం మాట అంత దూరం పోయింది.) ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు గుడ్లు, పెసలు, పప్పుతో నెట్టుకొచ్చాను. నూనె డబ్బా మీద నెల మొదటి తారీఖున ఒక గీత, ఆఖర్న ఒక గీత. మా ఆయన దాన్ని పెట్రోలు లెక్క అనేవారు.

మే ఆఖరికి 70.1. మూడు నెలల్లో మూడు కిలోల మూడు వందల గ్రాములు, ఒక్క గెంతు లేకుండా. జాకెట్టు హుక్కుల్లో ఒకటి పట్టింది.

ఇక్కడితో గెంతుల కథ అయిపోవాలి. కాలేదు. జూన్లో మా చిన్నది బీచిలో లాంగ్ జంపు నేర్చుకుంటానని పేచీ పెట్టింది. రిటైరైన పీఈటీ మాస్టారొకాయన పొద్దుటే నలుగురైదుగురు పిల్లల్ని పోగేసి తడి ఇసుకలో గెంతిస్తుంటారు. పిల్లని దింపి గట్టు మీద కూర్చునేదాన్ని. నాలుగో రోజు ఆయన "మీరేటమ్మా, ఊరికే కూర్చుంటారు?" అన్నారు. నా ఘనకార్యం మొత్తం చెప్పాను, తడిసిన సంగతి మినహా. ఆయన నవ్వలేదు. జానెడు ఎత్తున్న మెట్టు చూపించి "ఇక్కణ్ణుంచి ఓసారి దిగండి" అని, నేను దూకేలోపు కళ్ళు మూసుకున్నారు.

ధబ్!

"మీకు కళ్ళతో పనిలేదమ్మా, చెవితోనే తెలిసిపోద్ది" అన్నారు కళ్ళు తెరవకుండానే. "చప్పుడంతా మోకాళ్ళలోకి పోతంది. మళ్ళీ దూకండి, నాకు వినబడకూడదు."

మూడు వారాలు ఎగరనివ్వలేదు. దిగడమే. జానెడు మెట్టు మీంచి దిగాలి, ముందు పాదం ముందుభాగం ఆనాలి, మడమ మెల్లగా వాలాలి, మోకాళ్ళు లోపలికి ముడుచుకోకుండా పాదం చూసే వైపే వంగాలి, పిర్రలు వెనక్కి పోవాలి. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు ధబ్. పిల్లలు పక్కనే పిల్లుల్లా దిగుతున్నారు. పదిహేను రోజులకి ఒక పొద్దున మొదటిసారి "టప్" మంది. పుల్లని విరిచినంత చిన్న చప్పుడు. ఆయన తలూపి, వేరే పిల్లాడి వైపు తిరిగిపోయారు. అదే ఆయన మెచ్చుకోలు.

ఆ తర్వాత ఎగరడం. పంగలకర్రతో చెప్పారు. "రబ్బరు లాగి వెంటనే వదిల్తే రాయి పోద్ది. లాగి పట్టుకుని ఆలోచిస్తా మెల్లగా వదిల్తే? కాళ్ళ దగ్గర పడద్ది." కండరమూ, దాన్ని ఎముకకి కట్టే తాడులాంటి టెండనూ అంతేనట. కిందకి దిగినప్పుడు సాగుతాయి, సాగిన మరుక్షణం ఎగిరితే ఆ సాగిన బలం కూడా కలిసొస్తుంది. పాదం నేలని తాకి మళ్ళీ లేవడానికి సెకనులో పావు వంతు లోపే పట్టాలి. అందుకే మెత్తటి పొడి ఇసుక వద్దనేవారు. అందులో కాలు కూరుకుపోయి ఆ క్షణం సాగిపోతుంది, ఆయాసం ఎక్కువ, ఎగురు తక్కువ. కెరటం తడిపి వెళ్ళిన గట్టి ఇసుక నాకు మధ్యే మార్గం, టైల్స్ కంటే మెత్తన, పొడి ఇసుక కంటే చురుకు. నన్ను ముందు ఆడించింది తొక్కుడుబిళ్ళ. నిజంగానే. ఒంటికాలి మీద ఎనిమిది గళ్ళు, తిరిగి రావడం. "ఇదే ప్లయోమెట్రిక్సు. మీరు ఎనిమిదేళ్ళప్పుడే చేసేశారు" అన్నారు.

ఆయన చెప్తేనే తెలిసింది, ఈ విద్య పుట్టుక వేరు. 1960లలో యూరీ వెర్ఖోషాన్స్కీ అనే సోవియట్ కోచ్, ఎత్తు మీంచి దిగి వెంటనే పైకి ఎగిరే పద్ధతిని గెంతే క్రీడాకారుల కోసం తయారుచేసి షాక్ పద్ధతి అన్నాడు. 1975లో ఫ్రెడ్ విల్ట్ అనే అమెరికన్, తనూ ఒలింపిక్స్‌లో పరిగెత్తినవాడే, దానికి ప్లయోమెట్రిక్స్ అని పేరు పెట్టాడు. అప్పటికే ఒంట్లో కొవ్వు లేని మనుషుల్ని మరో అంగుళం ఎత్తుకి ఎగరేయడానికి పుట్టిన పని అది. కొవ్వు కరిగించే పని దానికి మనం అంటగట్టాం.

అన్నిటికంటే కష్టమైంది గెంతడం కాదు, ఆగడం. అయిదు గెంతులు గెంతిస్తారు, అవి పది సెకన్లు కూడా పట్టవు. తర్వాత ఒక నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఊరికే నిలబడాలి. గెంతిన టైముకి అయిదు నుంచి పది రెట్లు విశ్రాంతి ఉండాలట. మొత్తం ఒక పూటకి నాకు 60 గెంతులు. కొత్తవాళ్ళకి 80 నుంచి 100 దాకా వెళ్ళొచ్చంటారు, ఆయన నా ఒళ్ళు చూసి తగ్గించారు. వారానికి రెండుసార్లే, మధ్యలో రెండు మూడు రోజులు వదలాలి. వంద కిలోలు దాటిన వాళ్ళయితే మోకాలెత్తు గట్ల మీంచి దూకే పనే పెట్టుకోకూడదన్నారు.

"ఏటి మాస్టారూ, గెంతడం కంటే నిలబడ్డమే ఎక్కువుంది" అని ఓ రోజు ఉండబట్టలేక అన్నాను.

"ఎగిరేది కండ ఒక్కటే కాదమ్మా, నరం. నరం అలిసిపోయాక మీరు ఎగరరు. పడ్డమే మిగుల్తాది."

మా చిన్నది సోఫాలో కూర్చుని చెప్పిన మాటే.

లెక్కల బుర్ర ఊరుకోదు కదా, ఆ రాత్రి మళ్ళీ క్యాలిక్యులేటరు తీశాను. అరగంట సాధనలో నా కాళ్ళు పనిచేసేది రెండు నిమిషాలు, మిగతాదంతా సముద్రం చూడడం. ప్లయోమెట్రిక్స్‌ని చెయ్యాల్సినట్టు చేస్తే ఖర్చయ్యే కేలరీలు ఇంతే, అదే దారిలో ఇంటికి నడిచొస్తే అంతకంటే ఎక్కువ ఖర్చవుతాయి. కేలరీలు పెంచాలని విశ్రాంతి కోసేస్తే అది ప్లయోమెట్రిక్స్ కాకుండా పోతుంది, ఆయాసం తెప్పించే గెంతులవుతుంది, కాళ్ళు ధబ్‌మని పడడం మొదలవుతుంది. నాకు అమ్మింది ఆ రెండో సరుకు, మొదటిదాని పేరుతో. ఆ రెండో సరుకు కూడా దమ్ముకి మంచిదే, ఒళ్ళు అలవాటుపడ్డ కుర్రకారుకి. కొవ్వు మాటకొస్తే, ఖర్చయ్యే కేలరీలు ఒకటే అయినప్పుడు గెంతి ఖర్చుపెట్టినా నడిచి ఖర్చుపెట్టినా పెద్ద తేడా ఉండదు. పొట్ట దగ్గర కొవ్వుని ఏరి తీసే గెంతంటూ ఏదీ లేదు.

నవంబరు ఆఖరికి 67.2. జూన్ నుంచి ఆరు నెలల్లో తగ్గింది 2.9 కిలోలు. గెంతుల్లేని మూడు నెలల్లో 3.3, గెంతులున్న ఆరు నెలల్లో 2.9. గెంతితే తగ్గడం ఆగిపోయిందని నేను అనను. మధ్యలో వినాయక చవితి, దసరా, దీపావళి ఉన్నాయి, ఆ ఉండ్రాళ్ళు నేనే తిన్నాను. బరువు తగ్గేకొద్దీ తగ్గే వేగమూ మందగిస్తుంది. కానీ కాటా మాస్టారి మాట వినలేదు, అన్నం గిన్నె మాటే విన్నదని మాత్రం చెప్పగలను. నడుము 34.

అయినా గెంతడం మానలేదు. ఆగస్టులో అమ్మ బాత్రూములో జారి పడింది. తుంటి విరిగింది, ఆపరేషన్ చేశారు. ఎక్స్‌రే వెలుగులో పట్టుకుని డాక్టరుగారు ఎముక ఎంత పల్చబడిందో చూపించారు. బయటికొచ్చాక నేను విడిగా వెళ్ళి అడిగాను. నెలసరి ఆగకముందు వేసే చిన్న చిన్న గెంతులు తుంటి ఎముకకి కొంత బలమిస్తాయని ఆయన అన్నారు. కొంతే, అని రెండోసారి కూడా అన్నారు. నాకా కొంత చాలు. ఇంకోటి, మద్దిలపాలెంలో కదులుతున్న బస్సు మెట్టు మీద కాలేసినప్పుడు నా కాలు ఇప్పుడు నేను చెప్పకముందే లేస్తుంది. ఈ సుఖం ఏ కాటా మీదా పడదు.

గోడ మీద గీతలు మాత్రం పెరిగాయి. జూన్‌లో 20, సెప్టెంబరులో 24, నవంబరులో 27. మా చిన్నది ప్రతిదాని పక్కనా తారీఖు వేసింది. ఫిబ్రవరి 17 సెంటీమీటర్ల గీత పక్కన ఏడుపు మొహం బొమ్మ.

సంక్రాంతి ముందు అపార్టుమెంటుకి రంగులు వేయించారు. మా అంతస్తుకి వచ్చిన రోజు మధ్యాహ్నం పెయింటరు బెల్లు కొట్టాడు.

"ఈ గీతలేటమ్మా, పిల్లల ఎత్తులా? ఉంచమంటారా, వేసెయ్యమంటారా?"

"పిల్లలవి కాదు, నావి."

అతను గీతలు చూశాడు, నన్ను చూశాడు. "ఇంత పైది కూడా మీదేనేటి?"

ఎందుకో రోషం వచ్చింది. నిచ్చెన జరపమని, కొంగు దోపుకుని, పిల్ల సుద్దముక్క వేళ్ళకి రాసుకుని ఎగిరాను. టప్. కింద పిన్నిగారి తలుపు తెరుచుకోలేదు. గీత మాత్రం నవంబరు గీతకి రెండు వేళ్ళు కిందే పడింది. చీర కదా, పైగా అప్పుడే భోంచేసి ఉన్నాను.

"ఇంకోసారి ఎగరండమ్మా, నేను ఆగుతాను" అన్నాడతను, బ్రష్షు బకెట్లో పెట్టి.